కొప్పుకు అవతలి దిక్కు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, "సార్, మీరు కట్టినవాటిలో మీకు బాగా నచ్చినదేది?" అని మర్యాదకు అడుగుతారు. నేనూ మర్యాదకు ఏదో ఒక బడి పేరో, కాలువ తూము పేరో చెప్పేస్తాను. నా చేతుల మీదుగా కూలినదేదని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగరు కూడా. అందుకే అడగకుండానే చెబుతున్నాను. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కోపం తెచ్చుకోను. నిజానికి నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ కథంతా దానివల్లే జరిగింది. ఈ ఒక్క విషయంలో మాత్రం తెచ్చుకోను.

2012 వేసవి. అప్పటికి కామారెడ్డి జిల్లా కాలేదు. మా డివిజన్ ఆఫీసు మాత్రం అక్కడే ఉండేది. నేను అసిస్టెంట్ ఇంజనీరును, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు కూడా లేవు. ఎల్లారెడ్డి ఊళ్లో నిజాం కాలం నాటి బంగ్లా ఒకటి ఉండేది. రెండు మూరల మందాన రాతి గోడలు, పైన టేకు దూలాలు, వాటి మీద గూన పెంకుల కప్పు. ఒకప్పుడు దౌరా మీద వచ్చే పెద్ద అధికార్లు అందులో దిగేవారట. వాళ్లు పోయారు, వాళ్ల గుర్రాలు పోయాయి, చివరికి భూముల కాగితాల ఆఫీసు ఒకటి అందులో చేరింది. వానాకాలం వస్తే గుమాస్తాలు పహాణీల మీద గొడుగు పట్టుకొని కూర్చునేవారు. పాత రూపం చెడకుండా కప్పు బాగుచేయాలని మంజూరైంది. మృగశిర కార్తె లోపల పని ముగియాలి.

ఆ పని నా నెత్తిన పడిందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నేనే అడిగి తీసుకున్నాను. ముప్ఫై ఏళ్లు స్లాబులు పోయించి పోయించి విసుగెత్తిపోయింది. పోయేముందు ఒక్క పాత కట్టడమన్నా నా చేతి మీదుగా నిలబడాలని ఆశ పడ్డాను.

గూన పెంక మీలో చాలామంది చూసి ఉండరు. కుమ్మరి దాన్ని సారె మీద పొడుగు గొట్టంలా తీసి, పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా రెండు చెక్కలు చేసి కాలుస్తాడు. కప్పు మీద ఒకటి వెల్లకిలా, దాని మీద ఒకటి బోర్లా, అలా వరుసలు వరుసలుగా పేరుస్తారు. కప్పుకు రెండు వాలులు ఉంటాయి గదా, అవి పైన కలిసే చోటును కొప్పు అంటారు. ఈ కథకు ఇంతకన్నా సాంకేతికం అక్కర్లేదు. నాకు ఎక్కువ సాంకేతికం తెలియడమే అసలు చిక్కయింది.

నా కింద పనిచేసే వర్క్ ఇన్‌స్పెక్టర్ ఎల్లారెడ్డి మనిషే. నోరు తెరిస్తే జోకు. "సార్, స్లాబు పోసేటోళ్లు వంద మంది దొరుకుతరు. గూన కప్పేటోడు ఇగ ఒక్కడే మిగిలిండు, లింగంపేట కాడ. ఆయన గిట్ల పోయిండంటె గూగుల్ల గుడ దొరకడు" అంటూ ఒక ముసలాయనను వెంటబెట్టుకొచ్చాడు. డెబ్భై దాటిన కుమ్మరి. ఎండిన కట్టెలాంటి మనిషి, నెత్తికి ఎర్ర రుమాలు. ఆయన వెనక పది అడుగుల దూరంలో ముప్ఫై ఏళ్ల కోడలు. కొడుకు దుబాయ్ పోయి నాలుగేళ్లయిందట. అంతకుముందు కప్పు మీద ఒక వాలున తండ్రి, ఇంకో వాలున కొడుకు పనిచేసేవారు. కొడుకు విమానం ఎక్కితే కోడలు కప్పెక్కింది. పని లేని రోజుల్లో ఇంట్లో బీడీలు చేస్తుంది.

వీళ్ల పద్ధతి చూసి మొదటి రెండు రోజులు నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి నేల మీద మామతో మాట్లాడదు, ఆయన వినేలా గొంతెత్తదు. ఆయన రెండు బారల దూరంలో ఉన్నా సరే, నా దగ్గరికి వచ్చి కొంగు అడ్డం పెట్టుకొని గుసగుసగా, "సారూ, మామను అన్నం తినుమనుండ్రి" అనేది. నేను ఆయన వైపు తిరిగి, "బాపూ, అన్నం తినాలట" అనేవాణ్ని. ఆయన నాతో, "తింట, ఆమెను తినుమనుండ్రి" అనేవాడు. ఇంజనీరింగ్ డిప్లొమా చదివి చివరికి ఈ కబురు మోసే ఉద్యోగం చేస్తున్నానే అనుకునేవాణ్ని.

అదే కప్పు ఎక్కితే వేరే కథ. కొప్పుకు ఇవతల మామ, అవతల కోడలు. మధ్యలో కొప్పు అడ్డం, ముఖాలు కనబడవు కాబట్టి మాటకు అడ్డు లేదు. ఒక వరుస పెంకులు తీసేసినవాళ్లు "దింపిన!" అని కేకేయాలి. అవతలి నుంచి కూడా "దింపిన!" అని వచ్చేదాకా రెండో వరుస మీద చెయ్యి వేయకూడదు. బంగ్లా వెనక ఉన్న చిన్న గుర్రాల కొట్టాన్ని వాళ్లు ముందు అలాగే విప్పారు. పొద్దంతా అవే రెండు కేకలు. ఒకరు ఒక్క వరుస కూడా ముందుకు పోలేదు.

చిక్కు బంగ్లా దగ్గర వచ్చింది. ఆ ఆఫీసును నడిపే అధికారి ఖాళీ చేయనన్నాడు. "రికార్డులన్నీ ఎత్తుకొని ఎక్కడికి పోవాలె సార్? సోమవారం అర్జీల దినం, జనాన్ని రోడ్డు మీద కూచోబెట్టాల్నా?" అన్నాడు. నేను ఒక రాత్రి ఆలోచించి మహా తెలివైన ఉపాయం కనిపెట్టాను. వెనక వాలు మొత్తం ముందు విప్పేసి బాగుచేస్తాం. అప్పటిదాకా ఆఫీసు ముందు వాలు కింద, వరండాలో నడుస్తుంది. తర్వాత అటు ఇటు మార్చుకుంటాం. ఆఫీసు ఆగదు, కొలతలు రాసుకోవడం కూడా నాకు సులువు. కామారెడ్డిలో నా పై ఇంజనీరు డీఈకి ఫోన్ చేసి చెప్పాను. "భేష్!" అన్నాడు. నేనూ నా భుజం నేనే తట్టుకున్నాను.

ముసలాయన ఒప్పుకోలేదు.

"ఒక్క దిక్కు దించద్దు సారూ. రెండు దిక్కుల ఒక్కతీరు దించాలె."

"ఎందుకు? చిన్న కొట్టమంటే నీ ఇష్టం. ఇది సర్కారు బంగ్లా, టేకు దూలాలు. ఏం కాదు."

"కావడి మోసినవా సారూ? ఒక కుండ దించి ఒక కుండ ఉంచితె ఏమైతది? ఉన్న కుండ గుడ పోతది. గీ కప్పు గుడ గంతే."

వర్క్ ఇన్‌స్పెక్టర్ పక్కన ఉన్నాడు, కాంట్రాక్టరు ఉన్నాడు. వాళ్ల ముందు ఒక కుమ్మరి ముసలాయన నాకు పాఠం చెబుతున్నాడు. నాకు చర్రున కాలింది.

"నీ కావడి లెక్కలు నాకు చెప్పకు. నేను దూలాల లెక్కలు పుస్తకం పెట్టి చదివిన."

"చదివినవు, కాదంటలేను. నా చెయ్యితోటైతె గీ పని కాదు సారూ" అని ఆయన రుమాలు దులిపి నెత్తికి చుట్టుకున్నాడు. పగిలిన పెంకులకు బదులు కొత్త పెంకులు కాల్చి తెస్తానని మాట ఇచ్చాడు కాబట్టి అవి మాత్రం తెచ్చి ఇస్తానన్నాడు. ముందు ఆయన, పది అడుగుల వెనక కోడలు నడుచుకుంటూ బస్టాండు వైపు వెళ్లిపోయారు.

ఇప్పుడు చెబితే మీరు నమ్మరు. ఒక పక్క బరువుంటే కప్పు చట్రం రెండో పక్కకు ఒరుగుతుందని నేను నిజంగానే చదివాను. పరీక్షలో లెక్క కూడా చేశాను, మార్కులు కూడా వచ్చాయి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నేనే.

కాంట్రాక్టరు కామారెడ్డి నుంచి నలుగురిని తెచ్చాడు. వారం తిరిగేసరికి వెనక వాలు ఖాళీ. లోపల నుంచి చూస్తే ఆకాశం కనబడుతోంది. శనివారం సాయంత్రం వర్క్ ఇన్‌స్పెక్టర్ వచ్చి, "సార్, ముందు గోడ మీద దూలం ఆనిన కాడ సున్నం రాలుతున్నది" అన్నాడు. ఆ ఒక్కసారి జోకు వేయలేదు, అది కూడా నేను గమనించలేదు. "నూరేండ్ల గోడ. రాలకుంటె ఏం జేస్తది?" అన్నాను. నాకు కామారెడ్డి బస్సు అందుకోవాలని తొందరగా ఉంది.

సోమవారం వచ్చింది.

పదకొండు దాటింది. ముందు వరండాలో అరవై డెబ్భై మంది ఉంటారు. తండాల నుంచి వచ్చినవాళ్లు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు. తమ నంబరు పోకుండా చెప్పులు, సంచులు, కొందరు రాళ్లు వరుసలో పెట్టి గోడకు ఆనుకొని కూర్చున్నారు. ముసలాయన ట్రాక్టరు మీద పెంకులు తెచ్చాడు, వెంట కోడలు. పెంకులు దించబోతూ ఆయన ఎందుకో పైకి చూశాడు. ఒక కన్ను మూసి కొప్పు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. చూసి నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, కొప్పు వెనక్కి వొరిగింది."

నేనూ చూశాను. నిజం చెబుతున్నాను, నాకూ కనబడింది. కనబడినదాన్ని ఒప్పుకుంటే నా ఉపాయం తప్పని ఒప్పుకోవాలి.

"అది పాత కొప్పు. ఎప్పటిసంది గట్లనే ఉన్నది" అన్నాను.

"మొన్న శుక్రారం బస్సుల పోతు చూసిన, సీదగ ఉండె. జనాన్ని బయటికి పంపు సారూ. ఇప్పుడే పంపు."

"నువ్వు పెంకలు దించి పో. నీతోటి ఒప్పందం గంతే."

ఆయన వెనుదిరిగాడు. వరండా మెట్ల దగ్గరికి పోయి చేతులు జోడించాడు. "అయ్యా, అవ్వా, జర బయటికి రాండ్రి. కప్పు ఉండేటట్టు లేదు" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ముందు కూర్చున్న ఒక ముసలమ్మ, "పొద్దుగాల ఆరుగొట్టంగ వచ్చిన. నా నంబరు పోతె నువ్విస్తవా?" అని కసిరింది. లోపల నుంచి గుమాస్తా, "ఏంది లొల్లి? జరుగు పక్కకు" అని అరిచాడు. ఆయన తిరిగి నా వైపు ఒక్కసారి చూశాడు. నేను కొలతల పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

తల ఎత్తేసరికి ఆయన నిచ్చెన మీద ఉన్నాడు. ఉత్తరం చివర రాతి గోడ కప్పు కన్నా కొంచెం ఎత్తుగా ఉంటుంది. దాని మీదికి ఎక్కి కూర్చొని, ముందు వాలు నుంచి ఒక పెంక పీకి వాకిట్లోకి విసిరాడు. ఫట్టుమంది. ఇంకోటి. మూడోది నేరుగా పోయి చెట్టు కింద ఉన్న అధికారి జీపు అద్దానికి తగిలింది. భళ్లున పగిలింది.

అంతే, బంగ్లా మొత్తం లేచింది. అధికారి ఉరికొచ్చాడు, వెనక గుమాస్తాలు, వాళ్ల వెనక వరండాలోని జనం. భయంతో కాదు, తిట్టడానికి! "ముసలోనికి పిచ్చి లేసిందిరో!" "దింపుండ్రి వాన్ని!" అని వాకిట్లో నిలబడి ఒకటే కేకలు. నంబరు గురించి కసిరిన ముసలమ్మ కూడా తమాషా చూడటానికి వచ్చేసింది. అందరికన్నా గట్టిగా అరిచింది నేను. "దిగురా కిందికి! పాత పెంకలన్ని పలగ్గొడుతున్నవ్!" అన్నాను. నాకన్నా పదిహేనేళ్లు పెద్దాయనను "రా" అన్నాను. వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను ఎక్కి లాక్కురమ్మన్నాను. అతను నిచ్చెన దగ్గరికి పోయాడు గానీ, కోడలు నిచ్చెనను రెండు చేతులా పట్టుకొని వదల్లేదు. తల అడ్డంగా ఊపింది.

అప్పుడు లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. టేకు దూలం విరిగే చప్పుడు మీరెవరూ వినకూడదు. కొప్పు మెల్లగా వెనక్కి పోయింది, అంత మెల్లగా పోతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ వెంటనే ముందు వాలు మొత్తం, పెంకులతో, వాసాలతో, కిందికి దిగబడిపోయింది. దుమ్ములో బంగ్లా కనబడలేదు.

దుమ్ము అణిగాక చూశాం. వరండా లేదు. అక్కడ పడి ఉన్న దూలం కింద నుంచి చెప్పుల వరుస బయటికి కనబడుతోంది. ఒకదాని వెనక ఒకటి, నంబర్ల ప్రకారం. చెప్పుల యజమానులు అందరూ వాకిట్లో నిలబడి ఉన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా లోపల లేరు. ఆయన పెంకులు ఎందుకు విసిరాడో, మూడోది జీపుకే ఎందుకు తగిలిందో ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయింది. నాకు తర్వాత తెలిసిందని చెప్పుకునే వీలు కూడా లేదు.

ఆయన ఉత్తరం గోడ మీదే ఉన్నాడు. కూలేటప్పుడు ఒక వాసం లేచి వచ్చి కుడి భుజానికి కొట్టింది. వర్క్ ఇన్‌స్పెక్టర్, కోడలు కలిసి దింపారు. ఆ చెయ్యి పక్కన వేలాడుతోంది.

ఇక్కడే రెండో దెబ్బ. జనం ఆయనకు దండం పెడతారనుకున్నాను. లేదు. అందరూ చూసిందేమిటి? ముసలాయన ఎక్కాడు, పెంకులు పీకాడు, కప్పు కూలింది. "కూలగొట్టినవు గదరా బంగ్లను!" అని ఒకరు మొదలుపెట్టారు, తర్వాత అందరూ అందుకున్నారు. ముసలమ్మ తన చెప్పులు పోయాయని శాపనార్థాలు పెట్టింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటారు. ఇక్కడ ఆ మట్టి మంగలాలు చేసే కుమ్మరి మీదే పడింది. నేను అక్కడే ఉన్నాను. అప్పుడు ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

సాయంత్రానికి డీఈ జీపులో దిగాడు. శిథిలాల చుట్టూ ఒకసారి తిరిగి నన్ను పక్కకు పిలిచాడు. "ఎవడో ఎక్కి పెంకలు విసిరిండట గదా? అరవై మంది సాక్షులున్నరట. నీకు పింఛన్‌కు ఎన్ని నెలలున్నదయ్యా? ఆలోచించి రాయి" అన్నాడు. నేను ఆలోచించాను, రాశాను. "అనుమతి లేని వ్యక్తి ఒకరు కప్పుపైకి ఎక్కి పెంకులను బలవంతంగా తొలగించిన పిమ్మట" అని మొదలవుతుంది ఆ రిపోర్టు. అక్షరం అక్షరం ఇప్పటికీ అప్పజెప్పగలను. అందులో ఒక్క అబద్ధమూ లేదు, అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

నెల తర్వాత కామారెడ్డిలో విచారణ. పై నుంచి వచ్చిన అధికారి బల్ల వెనక, నేను పక్కన కుర్చీలో, ముసలాయన ఎదురుగా నిలబడి. చెయ్యి మెడకు కట్టి ఉంది. కోడలు గుమ్మం దగ్గర.

"నువ్వు పెంకులు విసిరినవా?"

"విసిరిన."

"ఎందుకు?"

"జనం బయటికి వస్తరని. నోటితోటి చెప్తె ఎవలు రాలే."

అధికారి నవ్వి, "విసిరినట్టు ఒప్పుకున్నాడు" అని రాయించాడు.

"ముందుగాల సారుకు చెప్పిన" అన్నాడు ముసలాయన. "ఒక్క దిక్కు దించద్దని చెప్పిన. కొప్పు వొరిగిందని గుడ చెప్పిన."

అధికారి నా వైపు తిరిగాడు. "చెప్పిండా?"

గుమ్మం దగ్గర కోడలు కొంగు పళ్ల మధ్య బిగబట్టుకొని నన్నే చూస్తోంది. రెండుసార్లూ ఆమె పక్కనే ఉంది, అంతా విన్నది. కానీ మామ వినేలా ఆమె గొంతెత్తదని నాకు తెలుసు. నేను నవ్వుకున్న ఆ ఆచారమే ఆ రోజు నన్ను కాపాడుతుందని లెక్క వేసుకున్నాను. దూలాల లెక్క తప్పాను గానీ ఈ లెక్క తప్పలేదు.

"నాకు గుర్తు లేదు సార్" అన్నాను.

ముసలాయన తిరిగి నా ముఖంలోకి చూశాడు. కప్పు కూలినప్పుడు కూడా ఆయన ముఖంలో ఆ నివ్వెరపాటు చూడలేదు నేను. వర్క్ ఇన్‌స్పెక్టర్‌నూ పిలిచారు. అతను నా ముఖం చూసి, "నేను సామాను కాడ ఉన్న సార్" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను. ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు. కానీ ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా అతను నాతో ఒక్క జోకు కూడా వేయలేదు.

ముసలాయనకు సర్కారు పని ఇవ్వొద్దన్నారు. అది పోతే పోయింది, "బంగ్లా కూలగొట్టినోడు" అని పేరు పడ్డాక ఊళ్లలో కూడా ఆయనను ఎవరూ కప్పెక్కనివ్వలేదు. నాకు, పర్యవేక్షణలో జాగ్రత్త వహించాలని ఒక కాగితం వచ్చింది. బంగ్లా మీద నీలం రేకులు వేశారు. నా రిటైర్మెంటు రోజున డీఈ శాలువా కప్పి, "ఈయన చేతి మీద కట్టింది ఒక్కటి కూలలేదు" అని మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో వర్క్ ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

2014 ఎండాకాలం చివర. రిటైరై రామారెడ్డి అనే ఊళ్లో ఉంటున్నాం. మాది గూన పెంకుటిల్లు. కిందటి ఏడు వంటింట్లో మూడు చోట్ల కురిసింది. ఈసారి వానలకు ముందే గూన తిప్పించాలని, అంటే పెంకులన్నీ దింపి మళ్లీ పేర్పించాలని నా భార్య పట్టుపట్టి, బజారులో ఎవరితోనో కబురు పంపింది. పొద్దున్నే తలుపు చప్పుడైతే తీశాను. ఎర్ర రుమాలు ముసలాయన. పది అడుగుల వెనక కోడలు.

వాళ్లు నన్ను చూసి నిలబడిపోయారు. తిరిగి పోతారనుకున్నాను. పోతే బాగుండుననీ అనుకున్నాను.

"మీ ఇల్లా సారూ?" అన్నాడు ముసలాయన. పైకి చూశాడు, ఒక కన్ను మూసి కొప్పు చూశాడు. "వాన ఇంకో పది దినాలల్ల వస్తది. చేసిపోతం" అన్నాడు. ఆయన కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. ఇప్పుడు పనంతా కోడలిదే. రెండో వాలుకు ఆమె చెల్లెలు వచ్చేదట, ఆ రోజు జ్వరం.

"ఒక కూలి మనిషిని పిలుస్త" అన్నాను.

కోడలు నా భార్య దగ్గరికి వచ్చి మెల్లగా, "అమ్మా, సారును ఎక్కుమనుండ్రి. చదువుకున్నోళ్లు, లెక్క తప్పరు" అంది.

నా భార్యకు ఏమీ తెలియదు. "ఈయననా? యాభై ఎనిమిదేండ్లొచ్చినయి, కాలు జారితె నేనెట్ల లేపాలె?" అని గోల పెట్టింది. నేను లుంగీ ఎగ్గట్టి నిచ్చెన ఎక్కాను.

కొప్పుకు అవతల ఆమె, ఇవతల నేను. కింద నా వైపు వాకిట్లో గడంచె మంచం మీద ముసలాయన. మొదటి వరుస తీయడానికి నాకు అరగంట పట్టింది. అవతలి నుంచి "దింపిన" అని ఎప్పుడో వచ్చేసింది. ఆమె రెండో వరుస ముట్టుకోకుండా నా కోసం ఆగి ఉంది. నేను చివరి పెంక తీసి నోరు తెరిచేలోపే ఆమె మాట వినబడింది.

"సారూ, ఇప్పుడన్న యాదికున్నదా?"

ముఖం కనబడదు. కొప్పు మాత్రం కనబడుతోంది.

"యాదికున్నది" అన్నాను.

"మా మామ ఏం చెప్పిండు?"

"ఒక్క దిక్కు దించద్దన్నడు. రెండు దిక్కుల ఒక్కతీరు దించుమన్నడు."

"ఇంకా?"

"కొప్పు వొరిగిందన్నడు. జనాన్ని బయటికి పంపుమన్నడు."

"గట్టిగ చెప్పుండ్రి. కింద మా మామకు వినవస్తలేదు."

పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తున్నారు. నా భార్య చాయ్ గ్లాసులు పట్టుకొని వాకిట్లో నిలబడిపోయింది. నేను కొప్పు పట్టుకొని లేచి నిలబడ్డాను. విచారణ గదిలో అనవలసిన మాటలన్నీ రామారెడ్డి వీధి వినేలా అరిచి చెప్పాను. జీపు అద్దం సంగతి కూడా చెప్పాను. అరుస్తుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను.

తర్వాత ఆఫీసుకు ఉత్తరం రాస్తే, ఫైలు ముగిసిపోయిందని జవాబిచ్చారు. అది తర్వాత సంగతి. అప్పుడు మాత్రం గడంచె మీద ముసలాయన రుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ చుట్టుకున్నాడు. పైకి చూశాడు.

"మాటల్ల పడి మర్చిపోయినవు సారూ. ఆమె ఆగి ఉన్నది. నీ వరుస అయినట్టు చెప్పలే నువ్వు" అన్నాడు.

"దింపిన" అన్నాను.